గోడ, కిటికీ, స్లాబు: ఎండాకాలం ఏసీ ఖర్చు తగ్గించే ఇల్లు, తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి దాటిందంటే ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. తెలంగాణ, కోస్తా, రాయలసీమ ఇళ్లను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఇక్కడున్నవి చేతిలెక్కలు. మీ గది కొలతలను బట్టి అంకెలు మార్చుకోండి.

## వేడి ఎటునుంచి వస్తోంది

రాత్రి పదకొండైనా పడమటి గోడ వెచ్చగానే ఉంటుంది, ఎందుకు?

తొమ్మిదంగుళాల ఇటుక గోడలో వేడి బయటినుంచి లోపలికి చేరడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటికి గోడ మీద పడిన ఎండ మీరు పడుకునే వేళకు మంచం పక్కకు వస్తుంది. రాత్రి పదింటికి అరచేయి ముందు తూర్పు గోడకు, తర్వాత పడమటి గోడకు, ఆపైన స్టూలెక్కి సీలింగుకు ఆనించి చూడండి. డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో మీ చేతికే తెలిసిపోతుంది.

ఎక్కువ వేడి దేనినుంచి వస్తుంది? గోడా, కిటికీయా, స్లాబా?

పై అంతస్తులో 12 అడుగులకు 12 అడుగుల గది తీసుకుందాం. మే నెల, పడమటి గోడ, అందులో నాలుగడుగులకు నాలుగడుగుల మామూలు అద్దాల కిటికీ. ఏ అడ్డూ లేని ఆర్‌సీసీ స్లాబు ఎండ బాగా ఎక్కిన వేళ దాదాపు 1,500 వాట్ల వేడిని లోపలికి దింపుతుంది. నేరుగా ఎండ పడే ఆ చిన్న కిటికీ 730 వాట్ల దాకా తెస్తుంది. అంటే సాయంత్రం పూట గదిలో ఒక ఇస్త్రీపెట్టె ఆగకుండా కాలుతున్నట్టే. కిటికీకి ఏడు రెట్ల వైశాల్యం ఉన్న గోడ మాత్రం 550 వాట్ల దగ్గరే ఆగుతుంది. ఒక టన్ను ఏసీ తీయగలిగే వేడి 3,500 వాట్లు. ఈ మూడూ ఒకే గంటలో శిఖరానికి చేరవు కానీ, వరస మాత్రం ఇదే: పై అంతస్తయితే ముందు స్లాబు, తర్వాత ఎండ పడే కిటికీ, ఆ తర్వాతే గోడ. కింది అంతస్తుల వాళ్లకు కిటికీయే మొదటిది.

మండు వేసవిలో దక్షిణం గోడకు ఎండ పడదంటున్నారు, నిజమేనా?

నిజమే. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పటినుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఉత్తరం వైపే ఉంటాడు. అందుకే మే, జూన్‌లలో దక్షిణం కిటికీలోకి నేరుగా ఎండ రాదు. ఉత్తరం కిటికీలోకి మాత్రం పొద్దునా సాయంత్రం ఏటవాలుగా వస్తుంది. ఉత్తర భారతంలోని ఇళ్ల కోసం రాసిన సలహాలను ఇక్కడ యథాతథంగా పాటిస్తే డబ్బు తప్పు గోడకు పోతుంది. మన దగ్గర తూర్పు, పడమర ముఖ్యం. ఆ రెండింటిలోనూ పడమర.

యూ విలువ, ఎస్‌హెచ్‌జీసీ అని అమ్మేవాళ్లు చెబుతారు. అవేమిటి?

లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు గోడ లేదా అద్దం ఎన్ని వాట్ల వేడిని పోనిస్తుందో చెప్పేది యూ విలువ. అద్దం మీద పడ్డ ఎండలో ఎంత భాగం వేడిగా లోపలికి వస్తుందో చెప్పేది ఎస్‌హెచ్‌జీసీ. 0.82 అంటే నూటికి 82 పాళ్లు లోపలికే. రెండూ ఎంత తక్కువైతే అంత మంచిది. గోడకూ స్లాబుకూ యూ విలువ అడగండి. ఎండ పడే కిటికీకి ఎస్‌హెచ్‌జీసీ అడగండి.

## కట్టబోయే ముందు

ఎర్ర ఇటుకా, సిమెంటు ఇటుకా, ఏఏసీ బ్లాకా?

ఏఏసీ అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకు. రెండువైపులా ప్లాస్టరు చేసిన గోడలకు యూ విలువలు సుమారుగా ఇలా ఉంటాయి. ఆరంగుళాల సిమెంటు ఇటుక 3, నాలుగంగుళాల ఎర్ర ఇటుక 2.8, తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక 2, ఆరంగుళాల ఏఏసీ 0.95, ఎనిమిదంగుళాల ఏఏసీ 0.75. వేడి విషయంలో సిమెంటు ఇటుకే అన్నిటికన్నా వెనకబడింది. ఈ మధ్య ఖర్చు తగ్గుతుందని బయటి గోడలకు కూడా అదే వాడుతున్నారు. కనీసం పడమటి, తూర్పు గోడలకైనా వద్దని మేస్త్రికి గట్టిగా చెప్పండి. ఇల్లంతా ఏఏసీ పెట్టలేకపోతే ఆ రెండు గోడలకు పెట్టి, లోపలి గోడలు మామూలు ఇటుకతో కట్టుకున్నా చాలావరకు ప్రయోజనం దక్కుతుంది.

ఏఏసీ గోడలు పగులుతాయని మేస్త్రి భయపెడుతున్నాడు. ఏం చేయాలి?

పగుళ్లు రావడం మాట నిజమే. చాలాసార్లు తప్పు బ్లాకుది కాదు, ఇటుక గోడ కట్టినట్టే దాన్నీ కట్టడం వల్ల వస్తాయి. బ్లాకులను తొట్టిలో నానబెట్టకూడదు. పెట్టే ముందు ముఖాన నీళ్లు చిలకరిస్తే చాలు. నానిన బ్లాకు ఆరేటప్పుడు కుంచించుకుని ప్లాస్టరును చీలుస్తుంది. అతికించడానికి ముప్పావంగుళం సిమెంటు మాలు వద్దు. బ్లాకుల కోసం అమ్మే జిగురు మాలును పళ్ల కరణితో మూడు మి.మీ. మందంలో పరవాలి. మాలు మందంగా ఉంటే పగుళ్ల బెడదే కాదు, వేడి కూడా ఆ గీతల వెంటే దూరుతుంది.

కాలమ్ (స్తంభం), బీము బ్లాకును కలిసే ప్రతి గీత మీదా ప్లాస్టరుకు ముందు ఎనిమిదంగుళాల వెడల్పు కోళ్ల జాలీ కొట్టించాలి. పగుళ్లలో సగం అక్కడే మొదలవుతాయి. పైన బీముకు, చివరి వరసకు మధ్య సన్నని ఖాళీ వదిలి, కొద్ది రోజులాగి పూడ్చాలి. ఒక్క రోజులో నాలుగున్నర అడుగులకు మించి ఎత్తు లేపనివ్వకండి. టీవీ స్టాండు, గీజరు బిగించడానికి పొడవాటి నైలాన్ యాంకర్లు కావాలి. మామూలు ప్లగ్గులు ఊడొస్తాయి.

రెండు గోడల మధ్య ఖాళీ వదిలితే చాలదా?

ఉత్త గాలి ఖాళీ మీరనుకున్నంత ఆపదు. రెండంగుళాల ఖాళీ ఇచ్చే నిరోధం అర సెంటీమీటరు ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి నురుగు) పలకతో సమానం. ఖాళీ ఎలాగూ వదులుతుంటే అందులో రెండంగుళాల పలక నిలబెట్టండి. రెండు గోడలనూ తుప్పు పట్టని కడ్డీలతో కలపాలి. లోపలికి దిగిన వాన నీరు బయటికి పోయేలా అడుగున చిన్న రంధ్రాలు ఉంచాలి.

కిటికీ ఎంత పెద్దది పెట్టాలి? సజ్జా ఎంత?

వెలుతురు కోసం ఉత్తరం, దక్షిణం వైపు పెద్దవి పెట్టుకోండి. వాటికి రెండడుగుల సజ్జా బాగా పనిచేస్తుంది. పడమటి సూర్యుడు కిందికి దిగి కొడతాడు కాబట్టి అక్కడ ఎంత సజ్జా వేసినా సాయంత్రం ఎండ దాని కిందనుంచి దూరిపోతుంది. పడమట కిటికీ తప్పనిసరైతే చిన్నది, నిలువుగా సన్నగా ఉండేది పెట్టి, బయట జాలీగానీ నిలువు పలకలుగానీ కట్టించండి.

దీనికి నిబంధనలేమైనా ఉన్నాయా?

కేంద్రం ఇళ్ల కోసం 2018లో ఎకో నివాస్ సంహిత తెచ్చింది. మన వాతావరణంలో పైకప్పు యూ విలువ 1.2 దాటకూడదనీ, గోడలూ కిటికీలూ కలిసి లోపలికి పంపే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదనీ అందులో ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. ఆర్కిటెక్టును "మన ప్లానుకు ఆ 15 ఎంత వచ్చింది?" అని అడగండి. లెక్క వేసి చూపించేవాళ్లకే పని ఇవ్వండి.

## కట్టేసిన ఇల్లు: పైకప్పు

తెల్ల రంగు వేస్తే చాలా, ఇన్సులేషన్ కూడా కావాలా?

ముందు తెల్ల రంగు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చే పని ఇంకొకటి లేదు. ఎండలో 60 శాతానికి పైగా వెనక్కి కొట్టే పూత కావాలి. ఆ అంకె డబ్బా మీద ఉందో లేదో చూడండి. ఫిబ్రవరిలోనే పాకుడు గీకి, కడిగి, పగుళ్లు పూడ్చి, ప్రైమరు మీద రెండు పూతలు వేయాలి. రెండో పూత మొదటిదానికి అడ్డంగా లాగాలి. దుమ్ము మీద వేసిన రంగు మొదటి వానకే పొరలు పొరలుగా లేస్తుంది. రాత్రంతా ఏసీ నడిచే పై అంతస్తు గదులకు రంగు ఒక్కటే సరిపోదు, ఇన్సులేషన్ కూడా వేయించండి.

స్లాబు మీద ఇన్సులేషన్ పొరలు ఏ వరసలో వేయాలి?

ముందు వాటరు ప్రూఫింగు. నీళ్లు తూముల వైపు పారేలా వాలు సరిచేసి, వాటరు ప్రూఫింగు పూసి, తూములు మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడాలి. కింద తడి మరక కనిపించకపోతేనే ముందుకు వెళ్లాలి. ఈ పరీక్ష ఎగ్గొట్టి పైన అన్నీ పరిచేసినవాళ్లు, తర్వాత ఎక్కడ కారుతోందో తెలియక మొత్తం తవ్వించుకోవాల్సి వస్తుంది.

దాని మీద ఎక్స్‌పీఎస్ పలకలు సందు లేకుండా, ఇటుకల వరసలా కీళ్లు తప్పించి పరవాలి. సాంద్రత ఘనపు మీటరుకు 32 కిలోలకు తగ్గకూడదు. పైన జియోటెక్స్‌టైల్ గుడ్డ, దాని మీద రెండంగుళాల కాంక్రీటు, అందులో సన్నటి జాలీ. ఈ కాంక్రీటును పది, పన్నెండు అడుగులకొక గీతతో విడదీయాలి. లేదంటే ఎండకు సాగి పిట్టగోడను నెడుతుంది. చివరగా తెల్ల టైల్స్. పిట్టగోడ మొదట్లో పలక ఆపేసి ఖాళీ వదలకండి, వేడి ఆ అంచు నుంచే దిగుతుంది.

పలచటి తెల్ల థర్మాకోల్ ఈ పనికి వద్దు. అది నీళ్లు పీల్చుకుంటుంది, బరువుకు అణుగుతుంది. తడిసిన ఇన్సులేషన్ ఉన్నా లేనట్టే.

ఎంత మందం వేయించాలి? ఎక్కువ వేస్తే ఎక్కువ లాభమేనా?

ఉత్త స్లాబు యూ విలువ 3.2 ఉంటుంది. ఒక అంగుళం ఎక్స్‌పీఎస్ వేస్తే 0.9కి పడిపోతుంది. రెండంగుళాలకు 0.5, మూడంగుళాలకు 0.36. మొదటి అంగుళమే సింహభాగం పని చేసేస్తుంది. మామూలు ఇంటికి రెండంగుళాలు సరైన మందం. మూడో అంగుళం డబ్బుతో పడమటి కిటికీకి నీడ కట్టించుకోవడం మేలు.

ఫాల్స్ సీలింగు ఉంది కదా, అది ఆపదా?

జిప్సం బోర్డు, పైన గాలి ఖాళీ కలిసి కొంత ఆపుతాయి. కానీ స్లాబు వేడి మాత్రం రాత్రి దాకా బోర్డును కాలుస్తూనే ఉంటుంది. బోర్డు పైన రెండంగుళాల రాక్‌వూల్ (రాతి నూలు పరుపు) పరిస్తే ఫలితం బాగా తెలుస్తుంది. నూలు రాలకుండా రేకు కాగితంతో చుట్టినది కొనండి. లైట్ల వెనకా, వాటికి కరెంటు ఇచ్చే డ్రైవర్ల మీదా కప్పొద్దు. వేడి పోయే దారి లేక అవి కాలిపోతాయి.

మాది రేకుల ఇల్లు. ఏదైనా దారి ఉందా?

రేకుల ఇంటికే ఈ పనుల ఫలితం అందరికన్నా ముందు తెలుస్తుంది. రేకులకు బరువు తక్కువ, ఎండ తగలగానే వేడి దిగుతుంది. మొదట పైన తెల్ల పూత. తర్వాత రేకు కింద కనీసం ఒక అంగుళం ఖాళీ వదిలి మెరిసే రేకు కాగితం పొర బిగించండి. మెరిసే వైపు కిందికి ఉండాలి, పైకి ఉంటే దుమ్ము పేరుకుని మెరుపు పోతుంది. దాని కింద సీలింగు. కొప్పు దగ్గర వేడి గాలి బయటికి పోయే దారి ఉంచండి. కొత్తగా వేయించేవాళ్లు రెండంగుళాల పఫ్ ప్యానెళ్లు (రెండు రేకుల మధ్య నురుగు నింపినవి) వేయించుకుంటే ఈ పొరలేవీ అక్కర్లేదు.

సోలార్ పలకలు వేస్తే స్లాబు చల్లబడుతుందా?

నీడ పడినంత మేర చల్లబడుతుంది. పలకకు, స్లాబుకు మధ్య గాలి ఆడేలా కనీసం ఒక అడుగు ఎత్తు ఉండాలి. మిగిలిన భాగానికి తెల్ల పూత వేయించండి.

## కట్టేసిన ఇల్లు: గోడలు

గోడకు ఇన్సులేషన్ బయట వేయాలా, లోపల వేయాలా?

రోజంతా మనుషులుండి ఏసీ ఎక్కువసేపు నడిచే ఇంటికి బయట వేయడం మంచిది. గోడ అసలు వేడెక్కదు, చల్లదనాన్ని దాచుకుంటుంది. తొమ్మిదంగుళాల గోడకు బయట రెండంగుళాల పలక, జాలీ, సన్న ప్లాస్టరు వేస్తే యూ విలువ 2 నుంచి 0.55 దాకా దిగుతుంది. రాత్రి పడక గదిలో మాత్రమే ఏసీ వేసేవాళ్లకు లోపలి వైపు వేసినా బాగుంటుంది. గోడంతా చల్లబడేదాకా ఆగక్కర్లేదు, గది పది నిమిషాల్లో దారికొస్తుంది. అపార్టుమెంట్లలో బయటి గోడ ముట్టుకోనివ్వరు కాబట్టి చాలామందికి లోపలే గతి. గదిలో రెండున్నర అంగుళాలు పోతుందని ముందే లెక్కపెట్టుకోండి. మంచం, అల్మరా కొలతలు చూసుకున్నాకే మొదలుపెట్టండి.

థర్మాకోల్ షీట్లు కొని లోపలి గోడకు అతికించేసుకోవచ్చా?

వద్దు. థర్మాకోల్‌కు ఇట్టే నిప్పు అంటుకుంటుంది, ఊపిరాడనివ్వని నల్లటి పొగ వస్తుంది. లోపలి వైపు ఏ నురుగు పలక వేసినా దాని మీద జిప్సం బోర్డుగానీ ప్లాస్టరుగానీ తప్పకుండా ఉండాలి. స్విచ్ బోర్డుల చుట్టూ రాక్‌వూల్ వాడండి. చీమలు, ఎలుకలు పలకల్లో గూళ్లు పెట్టకుండా అంచులన్నీ సిమెంటుతో మూసేయాలి.

విశాఖ, కాకినాడ వైపు లోపల ఇన్సులేషన్ వేస్తే బూజు పడుతుందా?

తప్పుగా వేస్తే పడుతుంది. కోస్తాలో తేమ బయట ఎక్కువ, అది చల్లని గది వైపు నెట్టుకొస్తుంది. లోపలి ముఖం మీద ప్లాస్టిక్ వాల్‌పేపరు అతికిస్తే తేమ దాని వెనక ఆగి నల్లబడుతుంది. లోపలి ముఖానికి ఊపిరి తీసుకునే రంగులు, బయటి ముఖానికి నీరు పట్టని పూత ఉండాలి. గోడలో పాత చెమ్మ ఉంటే ముందు అది ఆరాలి. కప్పేస్తే పోదు.

## కిటికీలు

డబుల్ గ్లాస్ వేయిస్తే ఎండ వేడి ఆగుతుందా?

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. రెండు మామూలు అద్దాలు కలిపిన కిటికీలోంచి కూడా ఎండలో 70 శాతం లోపలికి వస్తుంది. పైన చెప్పుకున్నంత కొలత, అంటే నాలుగడుగులకు నాలుగడుగుల కిటికీలో రెండో అద్దం వల్ల తగ్గేది 70 వాట్ల వాహక వేడి (బయటి వేడి గాలి నుంచి అద్దం గుండా పాకేది), ఎండలో వంద వాట్ల పైచిలుకు. ఎస్‌హెచ్‌జీసీ 0.3 ఉన్న అద్దం పెడితే 450 వాట్లకు పైగా తగ్గుతుంది. రోడ్డు శబ్దం ఆపడానికి డబుల్ గ్లాస్ మంచిదే. ఎండ కోసమైతే లో-ఈ పూత (వేడిని వెనక్కి కొట్టే, కంటికి కనపడని పలచటి లోహపు పూత) ఉన్నదే తీసుకోండి, ఎస్‌హెచ్‌జీసీ ఎంతో బిల్లు మీద రాయించుకోండి.

లో-ఈ అద్దం సరిగ్గా బిగించారో లేదో ఎలా తెలుస్తుంది?

సాయంత్రం చీకటి పడ్డాక లోపలినుంచి అద్దం ముందు లైటరు వెలిగించండి. రెండు అద్దాలకు నాలుగు ముఖాలు కాబట్టి నాలుగు మంటలు కనిపిస్తాయి. అందులో ఒకటి వేరే రంగులో ఉంటుంది, పూత ఉన్న ముఖం అదే. మన ఎండకు ఆ పూత బయటి అద్దపు లోపలి ముఖాన ఉండాలి. లోపలినుంచి చూస్తే అది మీకు దగ్గరినుంచి మూడోది. రెండోది రంగు మారి కనిపిస్తే అద్దం తిరగేసి బిగించారన్నమాట. చలి దేశాలకు అలా పెడతారు, ఇక్కడ వేడి పెరుగుతుంది. మార్పించాకే డబ్బు పూర్తిగా ఇవ్వండి.

మందపాటి పరదాలు ఉన్నాయి, ఇంకా ఎందుకు?

పరదాను తాకేసరికే ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేసింది. పరదా వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. అదే పరదాను బయట కట్టినట్టు ఊహించుకోండి: వెదురు తడిక, ఆకుపచ్చ నెట్, జనపనార గోనె ఏదైనా సరే, అద్దానికి అరడుగు ఎడంగా బయట వేలాడాలి. వెనకటికి వసారాలకు వట్టివేళ్ల తడికలు కట్టింది ఇందుకే.

సన్‌ఫిల్మ్ అతికిస్తే అద్దం పగులుతుందా?

ముదురు రంగు ఫిల్మ్ ఎండను తానే పీల్చుకుంటుంది. అద్దం నడిమి భాగం కాలి, ఫ్రేములో దాగిన అంచు చల్లగా ఉండి, ఆ తేడాకు అంచునుంచి పగులుతుంది. రంగు అద్దాలకు, డబుల్ గ్లాస్‌కు ఈ ప్రమాదం ఎక్కువ. పీల్చేది కాకుండా వెనక్కి కొట్టే ఫిల్మ్ అడగండి. ఫిల్మ్ నల్లగా ఉన్నంత మాత్రాన వేడి ఆగదు.

సందుల్లోంచి గాలి పోతోందని ఎలా కనుక్కోవాలి?

గాలి వీచే రోజు ఫ్యాన్లు, ఏసీ ఆపి, అగరబత్తి వెలిగించి కిటికీ చట్రం వెంట మెల్లగా తిప్పండి. పొగ నిటారుగా లేస్తే సరే, పక్కకు వంగిన చోట సందు ఉంది. అల్యూమినియం స్లైడింగ్ కిటికీల్లో రెండు తలుపులు కలిసే నిలువు గీత, అడుగు ట్రాకు మూలలు ముందు చూడండి. అక్కడి నూలు బ్రష్ నాలుగైదేళ్లకు అరిగిపోతుంది, మార్చడం చిన్న పని. ఏసీ పైపు గోడలోకి వెళ్లే రంధ్రం, పడక గది తలుపు అడుగు, బాత్రూము ఎగ్జాస్టు రంధ్రం మర్చిపోకండి. కోస్తాలో ఈ సందులతో వేడితో పాటు తేమ కూడా వస్తుంది, దాన్ని తీయడానికి ఏసీ అదనంగా కష్టపడాలి.

అద్దె ఇంట్లో ఏం చేసుకోగలం?

పడమటి కిటికీకి బయట తడిక, స్లైడింగ్ కిటికీ బ్రష్షులు, తలుపు అడుగున రబ్బరు పట్టీ. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మూడూ తీసేయొచ్చు. పై అంతస్తయితే తెల్ల పూత ఖర్చు ఇంటివాళ్లతో పంచుకుందామని అడగండి. స్లాబు ఎండకు తక్కువ సాగుతుంది కాబట్టి పగుళ్లు తగ్గుతాయి, అది వాళ్లకూ లాభమే.

## ఏసీ, కరెంటు లెక్క

ఇవన్నీ చేశాక ఏసీ చిన్నది పెట్టొచ్చా?

పెట్టొచ్చు, పెట్టాలి. 12 అడుగుల పై అంతస్తు గదికి ఒకటిన్నర టన్ను అడిగేచోట, స్లాబుకు ఇన్సులేషన్, కిటికీకి నీడ ఉంటే ఒక టన్ను సరిపోతుంది. పని వరస ముఖ్యం: ముందు స్లాబు, కిటికీ, ఆ తర్వాత ఏసీ కొనండి. అవసరానికి మించిన ఏసీ గబుక్కున చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీయదు. అందుకే కొన్ని గదులు చల్లగా ఉన్నా జిగటగా ఉంటాయి.

ఎన్ని యూనిట్లు మిగులుతాయి?

12 అడుగులకు 12 అడుగుల పై గదికి రాత్రి ఎనిమిది గంటల ఏసీ అనుకుందాం. స్లాబుకు, గదికి సగటు తేడా 20 డిగ్రీలైతే ఉత్త స్లాబు 860 వాట్లు దింపుతుంది, రెండంగుళాల ఇన్సులేషన్ ఉంటే 135. తగ్గిన 725 వాట్లను ఎనిమిదితో గుణిస్తే 5.8 యూనిట్ల వేడి. మంచి ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడున్నర యూనిట్ల వేడి తీస్తుంది. అంటే రోజుకు ఒకటిన్నర యూనిట్ పైన, వంద రోజుల వేసవికి ఒక్క గదికే 160 యూనిట్లు. మీ బిల్లులో ఆఖరి శ్లాబు రేటుతో గుణించండి, ఎందుకంటే తగ్గేవి పై శ్లాబు యూనిట్లే.

ఏసీ ఎన్ని డిగ్రీల్లో పెట్టాలి?

2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు తగ్గుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతుంది. గోడ, సీలింగు వేడిగా ఉంటే 22లో కూడా ఒళ్లు చురుక్కుమంటుంది. ఎందుకంటే ఒంటికి తగిలేది గాలి ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న గోడల సెగ కూడా. అవి చల్లబడితే 26లో ఫ్యానేసుకుని హాయిగా పడుకోవచ్చు.

పగలు కిటికీలు తెరిచి ఉంచాలా, మూయాలా?

బయట లోపలికన్నా వేడిగా ఉన్నంతసేపూ మూసేయండి. పొద్దున తొమ్మిదికి మూసి, రాత్రి బయటి గాలి చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు తెరవండి. హైదరాబాద్‌లో ఇది బాగా పనిచేస్తుంది. విజయవాడలో రోహిణి కార్తె రాత్రుళ్లు చల్లబడవు కాబట్టి అక్కడ తెల్లవారుజామున ఒక గంట తెరిస్తే చాలు.

రెండేళ్లకు మళ్లీ వేడి మొదలైంది. ఏం పాడైంది?

ముందు తెల్ల పూత చూడండి. దుమ్ము, పాకుడు పట్టి బూడిద రంగులోకి మారి ఉంటుంది. సబ్బు నీళ్లు, మెత్తటి చీపురుతో కడిగితే చాలావరకు తిరిగి వస్తుంది. డబుల్ గ్లాస్ లోపల పొగమంచులా కనిపిస్తే సీలు పోయింది, ఆ జంట అద్దాన్ని మొత్తంగా మార్చాలి. సీలింగు ఒక చోట మాత్రమే కాలుతుంటే పైన ఆ చోట పలక తడిసి ఉండవచ్చు. తూము మూతి, పిట్టగోడ మూల దగ్గర తెరిచి చూడండి. ఏసీ బయటి యూనిట్ మీద పడమటి ఎండ పడుతుంటే నాలుగు పక్కలా గాలి ఆడేలా పైన చిన్న రేకు కట్టండి, చుట్టూ మూయకండి.